చేతులు వాడకుండా వాయించే మౌత్ ఆర్గాన్: డిజైన్ సలహా కావాలి

గోదారి_గాలి (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్తే. మా బావమరిదికి పోయినేడు బైక్ యాక్సిడెంట్ అయింది. మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ తగిలింది, సీ4 అన్నారు, అంటే మెడలో నాలుగో వెన్నుపూస స్థాయి. ఆపరేషన్ చేసి మెడలో ప్లేటు వేశారు. భుజాలు ఎగరేస్తాడు, తల అటూ ఇటూ కొంచెం తిప్పుతాడు. చేతులు కదలవు. మాట బాగానే ఉంది, ఊపిరి మెషీన్ లేకుండానే తీసుకుంటాడు.

కాలేజీ రోజుల్లో మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. మొన్న మా ఆవిడ దాన్ని బయటికి తీసి వాడి నోటి దగ్గర పట్టుకుంది. కాసేపు వాయించి, "నువ్వు చెయ్యి జరిపితేనే స్వరం మారుతోంది. ఇది నా పాట కాదక్కా, నీ పాట" అన్నాడు. అప్పట్నుంచీ ముట్టుకోవట్లేదు.

మెడకు తగిలించుకునే స్టాండ్ ఆన్‌లైన్‌లో చూశాను. అది సరిపోతుందా? వేరే ఏదైనా తయారు చేయించాలా? డబ్బు కొంత పెట్టగలం. సంగీతం నాకు సున్నా, వెల్డింగ్ మాత్రం వచ్చు.

డాలస్_దేవా

అన్నా, మెడ స్టాండ్ నేను వాడతాను, గిటార్‌తో పాటు. బాబ్ డిలన్, నీల్ యంగ్ లాంటి పాశ్చాత్య గాయకుల ఫోటోల్లో కనిపించేది అదే. కానీ అది రెండు చేతులూ బాగున్నవాడి కోసం చేసిన వస్తువు. మెడకు వేసుకోవాలి, మరలు బిగించాలి, ఎత్తు చూసుకోవాలి, పాట మధ్యలో జారితే తోసుకోవాలి. వాయించేటప్పుడు చేతులు అక్కర్లేదు, అంతే. ముందూ వెనకా అన్నింటికీ చేతులే.

ఇంకోటి, చేతులతో గుప్పిట మూసి తెరిచి తెచ్చే "వా వా" శబ్దం స్టాండ్‌లో పోతుంది. దానికి బదులు గొంతుతో కంపనం తెచ్చుకోవచ్చు. అది నేర్చుకుంటే వస్తుంది, భయం లేదు.

ఫిజియో_పద్మ (విశాఖపట్నం)

గోదారి గారూ, నేను ఫిజియోథెరపిస్టును. మెడ స్టాండ్ వద్దనే నేనూ అంటాను. దాని కడ్డీ ఛాతీ మీద ఆనుతుంది. సీ4 దెబ్బలో అక్కడ స్పర్శ సరిగ్గా ఉండదు. ఒరుసుకుని పుండు పడినా ఆయనకు తెలియదు. వీల్‌చైర్‌కో మంచానికో బిగించే చెయ్యి లాంటిది చూడండి, ఒంటికి ఏదీ తగలకూడదు.

ఊపిరి గురించి ఒక మాట. డయాఫ్రమ్‌కు (ఊపిరితిత్తుల కింద ఉండే, గాలి పీల్చే ముఖ్య కండరం) వెళ్లే నరం సీ3, సీ4, సీ5 దగ్గర బయల్దేరుతుంది కాబట్టి పీల్చే బలం ఆయనకు కొంత మిగిలి ఉంటుంది. గట్టిగా ఊదాలంటే పొట్ట కండరాలు, పక్కటెముకల కండరాలు కావాలి, అవి పనిచేయవు. అంటే పీల్చే స్వరాలు నయం, ఊదే స్వరాలు కష్టం. మౌత్ ఆర్గాన్‌లో రెండూ ఉంటాయి గనక ఊపిరికి వ్యాయామంగా కూడా మంచిదే. కానీ మొదట్లో కొద్దిసేపే. కళ్లు తిరిగితే ఆపేయాలి. టీ6 (ఛాతీ భాగంలో ఆరో వెన్నుపూస) కన్నా పైన దెబ్బ తగిలినవాళ్లకు బీపీ ఒక్కసారిగా ఎగబాకే ప్రమాదం ఉంది. తలపోటు, ముఖం ఎర్రబడి చెమటలు పట్టడం కనిపిస్తే వాయింపు ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. మొదలుపెట్టే ముందు కూడా ఆయన్ని చూసే డాక్టర్‌ని అడగండి.

రేకుల_రాజు (సికింద్రాబాద్)

ముందు ఏ మౌత్ ఆర్గాన్ అనేది తేలాలి. మీవాడి దగ్గర ఉన్నది బహుశా పొడుగ్గా, రెండు వరసల గళ్లతో (గాలి రంధ్రాలతో) ఉండే ట్రెమలో రకం. మన ఊళ్లలో ఎక్కువ దొరికేది అదే. ఒక్కో స్వరానికి రెండు రేకులుంటాయి (గాలికి కంపించి పలికే సన్నటి లోహపు నాలుకలు), వాటి శ్రుతుల్లో చిన్న తేడా పెడతారు, అందుకే ఆ వణుకు. దాన్ని పక్కన పెట్టండి. ఊదే గడి వేరు, పీల్చే గడి వేరు కాబట్టి తల చాలా దూరం జరగాలి.

10 గళ్ల డయటోనిక్ కొనండి, సీ శ్రుతిలో. పొడవు 10 సెంటీమీటర్లు. ఒకే గడిలో ఊదితే ఒక స్వరం, పీల్చితే ఇంకొకటి. బరువు 100 గ్రాములు కూడా ఉండదు. లోపలి దువ్వెన, అంటే గళ్లను విడదీసే చట్రం, ప్లాస్టిక్‌ది ఉండాలి. చెక్కది అయితే ఉమ్మికి ఉబ్బుతుంది, చేతులతో దులుపుకోలేని మనిషికి అది తలనొప్పి. హోనర్ స్పెషల్ 20 మంచిది, ఈస్ట్‌టాప్ వాళ్లవి చవకలో బాగానే ఉంటాయి.

క్రోమాటిక్ (అర స్వరాలు కూడా అన్నీ పలికే రకం) జోలికి పోకండి. 12 గళ్లు, 48 రేకులు, పక్కన బటన్. ఆ బటన్ నొక్కడానికి వేలు కావాలి.

సర్క్యూట్_శీను (బెంగళూరు)

ఇంత తిప్పలెందుకు? ఎలక్ట్రానిక్ చేసేద్దాం. ఈ దారిలో ముందే నడిచినవాళ్లున్నారు. అమెరికాలో జామ్‌బాక్స్ అని ఒకటి చేశారు. స్కీయింగ్‌లో పడి చేతులు చచ్చుబడిన డేవిడ్ వేలన్ అనే ఆయన ఆలోచన అది. నోటితో గొట్టాన్ని ఎడమకూ కుడికీ జరుపుతూ ఊదడం, పీల్చడం. కంప్యూటర్ నుంచి శబ్దం వస్తుంది. నెదర్లాండ్స్‌లో మ్యాజిక్ ఫ్లూట్ ఉంది. అది స్టాండ్ మీద ఉంటుంది. తల పైకీ కిందకీ ఆడిస్తే స్వరం మారుతుంది, ఊపిరితో శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది.

మనం చేసుకోవాలన్నా కష్టం కాదు. ఎంపీఎక్స్‌వీ7002డీపీ అనే ప్రెషర్ సెన్సర్ ఊదడాన్నీ పీల్చడాన్నీ రెండింటినీ కొలుస్తుంది, 2 కిలోపాస్కల్ అటూ ఇటూ. చిన్న కంప్యూటర్ లాంటి ఒక ఈఎస్పీ32 బోర్డు, తల వంపు చూడ్డానికి ఒక ఎంపీయూ6050 సెన్సర్. కోడ్ నేను రాసిస్తాను. ఊపిరి తక్కువున్నా సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు. వీణ కావాలంటే వీణ, ఫ్లూట్ కావాలంటే ఫ్లూట్.

రేకుల_రాజు

శీనూ, అది మంచి వాద్యమే, కాదనను. కానీ ఆయన అడిగింది మౌత్ ఆర్గాన్. రేకు పెదవుల దగ్గర కొట్టుకుంటుంటే ఆ కంపనం పళ్లలోకి, దవడలోకి వస్తుంది. ఒంట్లో సగం స్పర్శ పోయిన మనిషికి అది చిన్న సంగతి కాదు. పైగా రేకును నాలుకతో, గొంతుతో వంచి స్వరం దించొచ్చు. సెన్సర్‌తో ఆ పని కృత్రిమంగా చేయాలి.

సర్క్యూట్_శీను

ఒప్పుకున్నా. కానీ కరెంట్ పోయిందని మీరు గెలవకూడదు మరి, నాది బ్యాటరీతో నడుస్తుంది :)

మెకానిక్_మూర్తి

రైలు మీద పెట్టేయండి. త్రీడీ ప్రింటర్లలో వాడే ఎంజీఎన్9 లీనియర్ రైలు చాలా తేలిగ్గా జారుతుంది. మౌత్ ఆర్గాన్‌ను దాని క్యారేజీకి బిగిస్తే, తల ఎక్కువ తిప్పకుండానే పెట్టె అటూ ఇటూ జరుగుతుంది.

లేత్_మాస్టారు (విజయవాడ ఆటోనగర్)

మూర్తీ, ఆ పెట్టెను జరిపేదెవరు? పెదవులేగా! తేలిగ్గా జారే రైలు మీద పెడితే, తల ఎటు తిప్పితే పెట్టె అటే పెదవులతో పాటు వెళ్తుంది. 4వ గడి మీద ఉన్నవాడు 4వ గడి మీదే ఉంటాడు. స్వరం మారాలంటే తలకూ పెట్టెకూ మధ్య తేడా రావాలి. పెట్టె కదలకుండా ఉండి తల జరగాలి, లేదా తల కదలకుండా ఉండి పెట్టెను వేరేది ఏదో జరపాలి.

ముందు లెక్క చూసుకుందాం. గడికీ గడికీ మధ్య దూరం ఎంత, రాజు గారూ?

రేకుల_రాజు

7.5 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ.

లేత్_మాస్టారు

అయితే 1 నుంచి 10 దాకా మధ్యలు కొలిస్తే 67 మిల్లీమీటర్ల చిల్లర. మెడ ఇరుసు నుంచి పెదవి దాకా 12 సెంటీమీటర్లు అనుకుంటే, తల అటు 16 డిగ్రీలు, ఇటు 16 డిగ్రీలు తిరగాలి. ప్లేటు వేసిన మెడకు అది కష్టమే కావచ్చు. అయితే అన్ని గళ్లూ నిజంగా కావాలా? ఒక స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, ఎన్ని గళ్లు చాలు?

రేకుల_రాజు

4 నుంచి 7 దాకా చాలు. పూర్తి మేజర్ స్కేల్ వచ్చేది ఆ నాలుగు గళ్లలోనే.

లేత్_మాస్టారు

అంటే 22.5 మిల్లీమీటర్లు. అటు 5 డిగ్రీల పైచిలుకు, ఇటు 5 డిగ్రీల పైచిలుకు. పలకరిస్తే తల తిప్పినంత. గోదారి గారూ, మీవాడు అంత తిప్పగలడా?

గోదారి_గాలి

ఇప్పుడే చూశాను మాస్టారూ. గోడ మీద స్కేలు అంటించి ముక్కుకు సూటిగా పుల్ల పెట్టి చూస్తే అంతకు రెట్టింపే తిప్పుతున్నాడు. "ఎందుకు బావా ఈ కొలతలు, చొక్కా కుట్టిస్తున్నావా" అంటున్నాడు. ఇంకా చెప్పలేదు.

కచేరి_పిచ్చోడు (హైదరాబాద్)

ఇన్నాళ్లూ మూల కూర్చుని చదువుతున్నా, ఇక ఆగలేను. ఆ నాలుగు గళ్లలో ఏముందో చెప్తా వినండి.

సీ శ్రుతి పెట్టెలో 4 ఊదితే స, 4 పీల్చితే రి, 5 ఊదితే గ, 5 పీల్చితే మ, 6 ఊదితే ప, 6 పీల్చితే ద, 7 పీల్చితే ని, 7 ఊదితే పై స. అది శంకరాభరణం. 7 దగ్గర ముందు పీల్చి తర్వాత ఊదాలి, అదొక్కటే తిరకాసు. మ, ని వదిలేస్తే మోహనం.

ఇంకా బాగుంది చూడండి. 4 పీల్చే స్వరాన్నీ 6 పీల్చే స్వరాన్నీ ఒక్కో అర స్వరం కిందికి వంచొచ్చు. రాజు గారు చెప్పిన నాలుక పనే అది. 4 వంచితే శుద్ధ రిషభం, 6 వంచితే శుద్ధ ధైవతం. మిగతావి ఎక్కడివక్కడే ఉంచితే వచ్చేది మాయామాళవగౌళ! మన పిల్లలు సరళీ వరసలు మొదలుపెట్టే రాగం. జర్మనీ వాళ్ల ఫోక్ పాటల కోసం అమర్చిన రేకుల్లో మనకు పాఠం మొదలయ్యే రాగం కూర్చుని ఉంది.

పద్మ గారు పీల్చే స్వరాలు నయమన్నారు కదా. 4 పీల్చే స్వరాన్ని స అనుకుని మొదలెట్టండి. 4 పీల్చు, 5 ఊదు, 5 పీల్చు, 6 ఊదు, 6 పీల్చు, 7 పీల్చు, 7 ఊదు, 8 పీల్చు. ఖరహరప్రియ వస్తుంది. ఎనిమిదిలో ఐదు పీల్చేవే. ఒక్క గడి ఎక్కువ కావాలి, అంతే.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. గమకాలన్నీ రావు. వంపు కిందికే వెళ్తుంది, పైకి వెళ్లదు. గమకాలే ప్రాణమైన తోడి రాగం వాయించమని ఎవరూ అడగకండి.

డాలస్_దేవా

మీవాడు సినిమా పాటలు వాయించే రకమా, కర్ణాటకమా?

గోదారి_గాలి

సినిమా పాటలే. కానీ చిన్నప్పుడు వీధి చివర మాస్టారి దగ్గర గాత్రం కొన్నాళ్లు నేర్చుకున్నాడు. సరళీ వరసలు గుర్తున్నాయంట. పై పోస్టు చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ రెండోసారి చదవమన్నాడు.

లేత్_మాస్టారు

సరే, ఇక డిజైన్. నా ఆలోచన చెప్తా, లోపాలుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పెట్టె ఒక చోట గట్టిగా నిలబడాలి. పాము మెడలా వంగే మొబైల్ స్టాండ్ పనికిరాదు. పెదవి ఒత్తితే ఊగుతుంది, ఊగితే గడి తప్పుతుంది. కెమెరాల వాళ్లు వాడే మూడు కీళ్ల చెయ్యి ఉంటుంది, ఒకే మర బిగిస్తే మూడు కీళ్లూ బిగుసుకుంటాయి. దాన్ని వీల్‌చైర్ వెనక గొట్టానికి బిగించండి. కుర్చీ కదిలితే పెట్టె కూడా తలతో పాటే కదులుతుంది.

తల తిరిగేటప్పుడు పెదవి గుండ్రంగా తిరుగుతుంది, పెట్టె మాత్రం తిన్నగా ఉంటుంది. నాలుగు గళ్ల వరకు ఈ తేడా అర మిల్లీమీటరే, పట్టించుకోనక్కర్లేదు. మొత్తం పది గళ్లూ వాడితే చివర్లలో 5 మిల్లీమీటర్ల దాకా ఎడం వస్తుంది. అందుకని పెట్టె వెనక మెత్తటి స్ప్రింగ్ పెట్టి, పెదవి వైపు నెమ్మదిగా తోసేలా చేద్దాం.

ఇక పై స్థాయి. భుజం ఎగరేస్తాడన్నారు కదా. సైకిల్ బ్రేకు కేబుల్ తీసుకుందాం. ఒక కొస భుజం మీద వెడల్పాటి పట్టీకి, ఇంకో కొస పెట్టెకు. మూర్తి చెప్పిన రైలు ఇప్పుడు పనికొస్తుంది. భుజం లేపితే పెట్టె సరిగ్గా మూడు గళ్లు, అంటే 22.5 మిల్లీమీటర్లు జరిగి ఆగాలి. రెండు వైపులా స్టాపర్ మరలు పెడదాం. భుజం దించితే స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. తల అదే 5 డిగ్రీల్లో ఉంటుంది, కానీ పెదవుల ముందు 4 నుంచి 7 బదులు 7 నుంచి 10 ఉంటాయి. ఎవరూ చెయ్యి వేయనక్కర్లేదు.

మెకానిక్_మూర్తి

మాస్టారూ, దండం.

ఫిజియో_పద్మ

భుజం మీది పట్టీ కింద మెత్తటి ఫోమ్ పెట్టండి. అక్కడ స్పర్శ ఉంటుంది కాబట్టి ఒరుసుకుంటే ఆయనే చెప్తారు. కేబుల్ లాగడానికి బలం ఎక్కువ పట్టకూడదు, సాయంత్రానికి భుజం నొప్పి వస్తుంది.

కానీ నాకు అసలు సందేహం వేరే. ఆయన దగ్గొస్తే? నీళ్లు తాగాలంటే? ఎవరినైనా పిలవాలంటే? నోటి ముందు ఇనుప చెయ్యి బిగించి అందరూ వంటింట్లోకి వెళ్లిపోతే ఆయన దాని వెనక ఇరుక్కుపోయినట్టే. వాయించడం ఆయన చేతిలో ఉంటే చాలదు, ఆపడం కూడా ఆయన చేతిలోనే ఉండాలి.

సర్క్యూట్_శీను

ఈ థ్రెడ్‌లో అందరికన్నా మంచి పాయింట్ ఇది. చిన్న సర్వో మోటర్ పెట్టి చెయ్యి పక్కకు తిప్పొచ్చు. రెండుసార్లు గట్టిగా పీల్చితే పక్కకు, మళ్లీ రెండుసార్లు పీల్చితే ముందుకు. సెన్సర్ గొట్టం విడిగా బుగ్గ పక్కన పెడదాం.

లేత్_మాస్టారు

మోటర్ పాడైతే నోటి ముందే ఆగిపోతుంది శీనూ. ఇలాంటి చోట విరిగినా, చెడినా మనిషి బయటపడేలా ఉండాలి. తలుపు కబ్జా లాంటి ఒక కీలు, పక్కన అయస్కాంతం. గడ్డంతో పక్కకు తోస్తే అయస్కాంతం వదిలేసి చెయ్యి పక్కకు వెళ్లి ఆగుతుంది. మళ్లీ కావాలంటే కింద చిన్న కొక్కెం వంగి ఉంటుంది, దాన్ని గడ్డంతో లాక్కుంటాడు, అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది. చొక్కా గుండీ అంత అయస్కాంతం చాలు. ఎక్కువ బలం పెడితే ప్లేటు ఉన్న మెడకు శ్రమ.

రేకుల_రాజు

పెట్టె పట్టుకునే క్లాంపు గురించి. రెండు కొసల దగ్గరే పట్టాలి, మధ్యలో నొక్కితే పై కవర్ వంగి లోపలి రేకులు దానికి కొట్టుకుంటాయి. రబ్బరు ముక్క వేయండి, లేకపోతే క్లాంపు కూడా పాడుతుంది. వెనక వైపు తెరిచే ఉంచండి, శబ్దం వచ్చేది అటునుంచే. నోటి వైపు కొంచెం కిందికి వాలితే ఉమ్మి రేకుల్లోకి పోకుండా బయటికే వస్తుంది.

ఇంకో చిక్కు. చేత్తో పట్టుకుని వాయించేవాడికి ఏ గడి దగ్గర ఉన్నాడో వేళ్లు చెప్తాయి. మీవాడికి పెదవే చెప్పాలి. పై కవర్ మీద 4వ గడికి ఎదురుగా ఆకురాయితో సన్నటి గాడి ఒకటి, 7కి ఎదురుగా రెండు పెట్టండి. అంచులు బాగా నున్నగా రుద్దండి. పై పెదవి లోపలి భాగానికి అది గిన్నె అంచు మీద సొట్టలా తెలుస్తుంది. మొదటి వారం 1, 2, 3 గళ్లకు టేపు వేసేయండి, తికమక ఉండదు.

ఊదే బలం తక్కువ కాబట్టి 4, 5, 6, 7 ఊదే రేకుల ఎడం నేను తగ్గించి ఇస్తాను. రేకు కొసకూ ప్లేటుకూ మధ్య సందు తగ్గితే తక్కువ గాలికే పలుకుతుంది. మరీ తగ్గిస్తే గట్టిగా ఊదినప్పుడు మూగబోతుంది. ఆయన గట్టిగా ఊదరు కాబట్టి పర్లేదు. కొరియర్ చేయండి.

గోదారి_గాలి

అందరికీ చేతులెత్తి దండం. కెమెరా చెయ్యి, డయటోనిక్ పెట్టె తెప్పించాను. పెట్టె రాజు గారికి వెళ్లి వచ్చింది. భుజం కేబుల్ ఇంకా పెట్టలేదు, ముందు కదలని పెట్టెతోనే చూశాం. డాక్టర్ సరేనన్నారు. కూర్చోబెట్టి రోజూ కొద్దిసేపు, మధ్యలో విరామం.

మొదటి రోజు రెండు గళ్లు కలిసి మోగుతూనే ఉన్నాయి, చిరాకు పడ్డాడు. డాలస్ దేవా గారు ఫోన్‌లో చెప్పారు, పెదవులు ఈల వేసినట్టు ముందుకు తెమ్మని. అలా చేస్తే విడివిడిగా వచ్చాయి. గాడి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కళ్లు మూసుకుని 4 పట్టేస్తున్నాడు. శంకరాభరణం ఎక్కడం వచ్చింది. దిగేటప్పుడు 7 దగ్గర తడబడుతున్నాడు. 4 వంచడం అప్పుడప్పుడూ వస్తోంది, 6 ఇంకా రాలేదు.

గడ్డంతో తోసే కీలు మా ఆవిడకు బాగా నచ్చింది. వాయిస్తూ వాయిస్తూ టక్కున పక్కకు తోసేసి "కాఫీ" అంటాడు.

ఒక సమస్య. చెయ్యి పొద్దున బిగిస్తే సాయంత్రానికి కాస్త కిందికి దిగుతోంది.

లేత్_మాస్టారు

కీళ్లు కాదు, వీల్‌చైర్ గొట్టం దగ్గర క్లాంపు తిరుగుతోంది. గొట్టం గుండ్రం కదా. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దాని మీద బిగించండి. అయినా దిగితే గొట్టానికి చిన్న పలక వెల్డింగ్ పెట్టండి, అది మీ విద్యే. కుర్చీ మడిచేటప్పుడు అడ్డు రాకుండా చూసుకోండి.

కచేరి_పిచ్చోడు

6 వంచడానికి చిట్కా. ముందు పెట్టె లేకుండా గాలి పీలుస్తూ "ఈ" ఆకారం నుంచి "ఊ"కు నాలుక వెనక్కి జరపమనండి. అదే పెట్టె మీద. గట్టిగా పీల్చితే రాదు, మెల్లగా పీల్చితే వస్తుంది. పక్కన తంబూరా యాప్ సీ శ్రుతిలో పెట్టండి, శుద్ధ ధైవతం చెవికి తగిలినప్పుడు ఆయనకే తెలుస్తుంది. దిగేటప్పుడు పై స ఊదాక ఒక క్షణం ఆగి ని పీల్చమనండి.

డాలస్_దేవా

సీ ఒక్కటే కాకుండా జీ, డీ కూడా కావాలంటాడు చూడండి త్వరలో. అప్పుడు మార్చేదెవరు?

లేత్_మాస్టారు

నాలుగు పలకల డ్రమ్ము. ఒక్కో పలక మీద ఒక్కో శ్రుతి, గడ్డంతో తిప్పితే స్ప్రింగ్ గుండు గుంటలో పడి టక్కున ఆగుతుంది. కానీ బరువు పెరుగుతుంది, ముందు కేబుల్ పని తేలనివ్వండి. గోదారి గారూ, కుడి భుజం మీది పట్టీ నుంచి పెట్టె దాకా నూలు దారం పెట్టి కొలత పంపండి. కేబుల్ మలుపులు మెల్లగా తిరగాలి, కాబట్టి ఒక జానెడు ఎక్కువే రాయండి. రైలు, స్టాపర్లు ఇక్కడ నేను చేసి పెడతాను.

గోదారి_గాలి

కుడి కాదు మాస్టారూ, ఎడమ. కుడి భుజం త్వరగా అలిసిపోతోందంటున్నాడు. కొలత రేపు పంపుతాను.